సీనియర్ అమ్ముతున్న పాత వేగన్ కొనచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. ఆగస్టులో ఎంఎస్ కోసం మిషిగన్ వెళ్తున్నాను. అక్కడ చదువు ముగించుకున్న మన చిత్తూరు అన్న ఒకరు తన 2008 సుబారు అవుట్‌బ్యాక్ వేగన్ (వెనక డిక్కీ పొడవుగా ఉండే కారు) ఇస్తానంటున్నాడు. 1,78,000 మైళ్లు తిరిగింది. నాన్న మాత్రం ‘అంత తిరిగిన బండి ఎవరైనా కొంటారా’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారు తిరుపతి లెక్కలో చూస్తున్నారు. ఆ మైళ్లని కిలోమీటర్లు చేస్తే 2 లక్షల 86 వేలు. మన దగ్గర అంత తిరిగేవి రేణిగుంట ఎయిర్‌పోర్టుకీ కొండకీ మధ్య నడిచే ట్యాక్సీలే. వాటి తిరుగుడు వేరు. ఘాట్ రోడ్డు ఎక్కాలి, దిగాలి, లీలామహల్ సర్కిల్లో హాఫ్ క్లచ్‌లో నిలబడాలి. అమెరికాలో బండి ఎక్కువ భాగం హైవే మీద టాప్ గేరులో ఒకే వేగంతో పోతుంది. సరిగ్గా చూసుకున్న కారు 2 లక్షల మైళ్లు దాటడం అక్కడ వింతేం కాదు. మీటరు సంగతి తర్వాత, ముందు సర్వీసు బిల్లులు అడుగు.

అందులోనూ టైమింగ్ బెల్టు (ఇంజనులో పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో కదిలించేది) బిల్లు. ఆ 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుకి గొలుసు ఉండదు, రబ్బరు బెల్టే. మార్చాల్సిన గడువు 1,05,000 మైళ్లు. నడుస్తుండగా అది తెగిందా, పిస్టన్లు వాల్వులకి తగులుతాయి, వాల్వులు వంగిపోతాయి. అప్పుడు పడే ఇంజను పని ఖర్చు బండి ధరనే మించచ్చు. మొదటి గడువుకి మార్చి ఉంటే రెండోది 2,10,000 దగ్గర వస్తుంది. అయితే రబ్బరు ఏళ్లు గడిచినా పాడవుతుంది, కాబట్టి బిల్లు మీద తేదీ కూడా చూడు. ‘మార్పించినట్టే గుర్తు’ అంటే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించమను. మనూరి అన్నే కదా అని మొహమాటం వద్దు. మార్పించేటప్పుడు వాటర్ పంపు, పుల్లీలు కూడా అప్పుడే వేయించు. అక్కడ పార్టు చవక, విప్పి బిగించే కూలి ఖరీదు. గంటకి 100 డాలర్ల పైమాటే. ఇక్కడ షెడ్డులో మెకానిక్ టీ తాగుతూ చూసిపెట్టే పనికి అక్కడ బిల్లు వస్తుంది.

ఈ ఇంజన్లకి పేరుమోసిన జబ్బు ఇంకొకటుంది, హెడ్ గాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్డుకీ, అసలు దిమ్మె అయిన బ్లాకుకీ మధ్య ఉండే సీలు) కారడం. బండి కిందికి వంగి ఇంజను రెండు పక్కలా హెడ్డు, బ్లాకు కలిసేచోట ఆయిలు గానీ కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) గానీ చెమ్మగా ఉందేమో చూడు. తియ్యటి వాసన వస్తుంటే కూలెంట్ కాలుతున్నట్టే. ఆ పని పడితే రెండు వేల డాలర్లు దాటచ్చు, కాబట్టి కొనేముందు ఆ అన్నకి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించు. ఆ ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

మన అలవాటొకటి ఇక్కడే వదిలేసి వెళ్లాలి. రేడియేటర్ తగ్గితే బాటిల్లో నీళ్లు పోసేస్తాం. మే నెల తిరుపతిలో చెల్లుతుంది. మిషిగన్ జనవరిలో వట్టి నీళ్లు గడ్డకట్టి, వ్యాకోచించి ఇంజను బ్లాకునే పగలగొడతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. బ్యాటరీ కూడా అంతే. అమరాన్ బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి పక్కన పెరిగాం గానీ చలికి బ్యాటరీ ఎలా చచ్చుబడుతుందో మనకి తెలియదు. నాలుగైదేళ్లు దాటినదైతే నవంబరులోపే మార్చెయ్. కొనేటప్పుడు చలిలో ఇంజనుని తిప్పే శక్తిని చెప్పే సీసీఏ అంకె చూసి కొను.

ఇక తుప్పు. నాకు నిజంగా భయం దీనికే. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది బండి అడుగున చేరి బ్రేకు గొట్టాలని, సస్పెన్షన్ బిగించే చోట్లని తినేస్తుంది. పైన పెయింటు మెరుస్తుంటుంది, కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పొరలు రాలతాయి. పైగా మిషిగన్‌లో ఏటేటా బండి తనిఖీ అనే చట్టమే లేదు, చూసి చెప్పే ఆఫీసరు ఉండడు. వెనక చక్రాల పైన, డిక్కీ అడుగున, స్టెప్నీ కింద తడిమి చూడు. ఫ్రేము దగ్గర తుప్పు పట్టి ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దనే చెప్తాను. బాగుంటే చలికాలమంతా అడుగు కడిగే కార్‌వాష్‌కి తీసుకెళ్తుండు.

కొన్నాక చేసుకోవాల్సినవి కష్టమేం కాదు. రెండుసార్లు పెట్రోలు పోయిస్తే ఒకసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడు. ఈ వయసు ఇంజను కొంత ఆయిల్ తాగుతుంది, తాగితే పోస్తే సరి, చూడకపోతేనే బోరుకొస్తుంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి కాబట్టి టైర్లు నాలుగూ ఒకేలా అరగాలి. చుట్టుకొలతలో పావు అంగుళం తేడా మించకూడదంటారు, అంటే గాడి లోతులో మిల్లీమీటరు. ఒక్క టైరు పగిలితే ఒక్కటే కొత్తది వేసేసి టెన్షన్ తీరిందనుకోవద్దు. సరిసమానంగా అరిగిన సెకండ్‌హ్యాండ్ టైరు వెతుక్కో. చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే స్పేర్ పార్టుల షాపుకెళ్లు, చాలా షాపులు కోడ్ ఉచితంగా చదివి చెప్తాయి. మిణుకుమిణుకుమంటే సిలిండర్లో పెట్రోలు సరిగా మండటంలేదని అర్థం, బండి పక్కన ఆపు. పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదని చెప్పే పీ0420 కోడ్ వచ్చిందని వెంటనే కొత్త కన్వర్టర్ కొనెయ్యొద్దు, ముందు సైలెన్సర్ లీకు, ఆక్సిజన్ సెన్సార్ చూపించు. యూట్యూబ్ చూసి సొంతంగా రిపేరు చేసుకో, సంతోషమే. జాకీ ఒక్కదాన్నే నమ్మి మాత్రం బండి కింద దూరకు, స్టాండ్లు పెట్టి తీరాలి.

బేరం కుదిరితే టైటిల్ (బండి ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం) మీద ఇద్దరి సంతకాలూ, మీటరు రీడింగూ రాసుకుని 15 రోజుల్లోపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో (మన ఆర్టీఓ ఆఫీసు లాంటిది) నీ పేరుకి మార్పించుకో. ధర మీద 6 శాతం పన్ను అక్కడే కట్టాలి, ఆ డబ్బు కూడా చేతిలో ఉంచుకుని బేరమాడు. టైటిల్ మీద ‘సాల్వేజ్’ (బాగా దెబ్బతిన్న బండి అని ముద్ర) అని ఉంటే ఇన్సూరెన్స్ దొరకడమే తలనొప్పి, అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.