సంఘం కోసం పనిచేసి పోయిన మనిషి పేరు మీద స్కాలర్‌షిప్: మేం మొదట చేసిన తప్పు

మీ ప్రశ్న ఇదీ: హనుమకొండలోని మీ వృత్తి సంఘానికి ఇరవై ఏళ్లు పైసా తీసుకోకుండా పనిచేసిన పెద్దాయన పోయారు. ఆయన పేరు మీద ఏటా స్కాలర్‌షిప్ ఇవ్వాలి. ఎంత డబ్బు కావాలి, ఎవరికివ్వాలి, అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి ఇస్తానన్న పెద్ద మొత్తం తీసుకోవచ్చా? మాదీ వరంగల్లే, సివిల్ ఇంజనీర్ల సంఘం. ఇదే పని మేమూ చేశాం, మొదటి ఏడాది చెడగొట్టాం కూడా.

మా సార్ కాకతీయ కాలువ పనుల మీద తిరిగి తిరిగి రిటైరయ్యారు. సంఘంలో పెద్ద పదవేం లేదు. మీటింగ్ అంటే గంట ముందొచ్చి కుర్చీలు వేసేవారు. చందా బాకీ ఉన్నవాళ్ల ఇంటికి స్కూటర్ మీద వెళ్లి, డబ్బు తీసుకుని రసీదు ఇచ్చి, ఛాయ్ తాగి వచ్చేవారు. మినిట్స్ బుక్ మొత్తం ఆయన చేతిరాతే. ఏటా ఇద్దరు ముగ్గురు పాలిటెక్నిక్ పిల్లల పరీక్ష ఫీజు కూడా ఆయనే కట్టేవారట. సంతాప సభలో ములుగు నుంచి వచ్చిన ఒక కుర్రాడు చెప్పేదాకా మాలో ఒక్కరికీ తెలియదు.

ఆ ఆవేశంలోనే స్కాలర్‌షిప్ ప్రకటించేశాం. సెప్టెంబర్ 15, ఇంజనీర్స్ డే నాడు ఫంక్షన్ హాల్, ఫ్లెక్సీలు, శాలువాలు, భోజనాలు. అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన అమ్మాయికి పది వేల చెక్కు. ఆ అమ్మాయికి ఆ నెలలో అది మూడో బహుమతి. హాలుకీ భోజనాలకీ అయిన ఖర్చు చెక్కుకు నాలుగింతలు. అంతా అయ్యాక సార్ భార్య, మా వదిన, మెల్లగా, "ఆయన ఎన్నడూ స్టేజీ ఎక్కలేదు గదా తమ్మీ" అంది. నాకు అన్నం సయించలేదు.

మరుసటి ఏడు తేదీ మార్చాం. నిజాం కాలపు హైదరాబాద్ చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11, అది తెలంగాణ ఇంజనీర్స్ డే. పైగా పాలిటెక్నిక్‌లో కొత్తగా చేరేవాళ్లకు ఖర్చులు మీద పడేదీ దాదాపు ఆ రోజుల్లోనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లలు కూడా మినీ డ్రాఫ్టర్ (డ్రాయింగ్ గీసే పరికరం), యూనిఫాం, హాస్టల్ డిపాజిట్, బస్సు ఛార్జీల దగ్గర ఆగిపోతారు. పరీక్ష ఫీజు గడువు దాటితే ఫైన్ వేరే. మేం ఇచ్చేది వీటికే. మార్కులు చూడం. చదువు మానేసేలా ఉన్నది ఎవరో లెక్చరర్లకూ హాస్టల్ వార్డెన్‌కూ తెలుస్తుంది, వాళ్లనే అడుగుతాం. చివరి మాట వదినది. డబ్బు నేరుగా పిల్లల ఖాతాలోకే వెళ్తుంది. కార్యక్రమం అంటే ఆఫీసులో ఛాయ్, సమోసా, అంతే.

లెక్కకొస్తే, మాకు ఆరు లక్షలు పోగైంది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాం. 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 42 వేలు. అంతా పంచేయకండి. ధరలు పెరిగేకొద్దీ పదేళ్ల తర్వాత అదే డబ్బుకు ఇప్పుడయ్యేంత పని జరగదు. మేం పది వేలు మళ్లీ అసల్లో కలిపి, మిగతాది నలుగురికి ఎనిమిదేసి వేలు ఇస్తున్నాం. అసలు సొమ్ము ముట్టకూడదని దాతల దగ్గర రాయించుకోండి, అదే మాట తీర్మానంగా మినిట్స్‌లో ఎక్కించండి. కొత్త కమిటీలు వస్తే బిల్డింగ్ రిపేరు అంటూ చేయి పెడతాయి, పెట్టబోయాయి కూడా.

మీ సంఘానికి 80జి (విరాళమిచ్చిన వాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు వచ్చే గుర్తింపు) ఉంటే, రెండు వేలు దాటిన నగదుకు దాతకు పన్ను మినహాయింపు రాదని ముందే చెప్పండి. కొత్త ట్యాక్స్ విధానం ఎంచుకున్నవాళ్లకు ఎలా ఇచ్చినా రాదు. ఇది చెప్పకపోతే మార్చిలో ఫోన్లే ఫోన్లు.

ఇక వాళ్లబ్బాయి సంగతి. ఇప్పటికీ భారత పౌరుడే అయితే తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా మీ సంఘం ఆ డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఖాతా నంబర్ పంపే ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. మొహమాటపడకండి.