బ్రోకర్ యాప్‌లో కనిపించే లెక్కను నమ్మొచ్చా?

తమ్ముడూ, వాట్సాప్ గ్రూపులో వచ్చిన ట్రేడింగ్ యాప్‌లో వడ్ల డబ్బులు రెండు లక్షలు పెట్టొచ్చా, ఆ బ్రోకర్ అసలువాడో కాదో ఎట్లా తెలుస్తుంది అని అడిగావు. ముందు నా సంగతి విను.

2017లో నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక సబ్ బ్రోకర్ ఆఫీసులో డీమ్యాట్, అంటే షేర్లు ఉంచుకునే ఖాతా, తెరిచాను. లైసెన్స్ ఉన్న బ్రోకరే. ఫారం ఆయనే నింపాడు, ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా నేను సంతకం పెట్టాను. అడిగినప్పుడల్లా ఒక కాగితం ప్రింట్ తీసి ఇచ్చేవాడు, అందులో అంతా లాభమే. ఏడాది తర్వాత మా బామ్మర్ది "బావా, కాంట్రాక్ట్ నోట్లు నీకే వస్తున్నాయా?" అన్నాడు. అవేంటో కూడా నాకు తెలియదు! నీ పేరు మీద ఏ షేర్లు కొన్నారో, అమ్మారో, కమీషన్ ఎంతో చూపిస్తూ బ్రోకర్ మెయిల్‌కు పంపే లెక్క అది. ఫారం జిరాక్స్ తెప్పించి చూస్తే, ఈమెయిల్ గడిలో ఉన్నది నాది కాదు, ఆఫీసు కుర్రాడిది. నన్ను అడగకుండా కొన్నారు, అమ్మారు. కమీషన్లకే నలభై ఒక్క వేలు పోయాయి. నిలదీస్తే "మీరే ఫోన్‌లో సరే అన్నారు కదా సార్" అన్నాడు.

అందుకే ఇప్పుడు యాప్‌ను పక్కన పెట్టి, బ్రోకర్ చెయ్యి పెట్టలేని చోట చూస్తాను. షేర్లు ఉండేది సీడీఎస్ఎల్‌లోనో ఎన్ఎస్‌డీఎల్‌లోనో, అంటే అందరి షేర్ల లెక్క దాచే డిపాజిటరీ సంస్థల్లో. వాళ్ల సైట్‌లో నేరుగా లాగిన్ అయి చూసుకోవచ్చు. బ్రోకర్ దగ్గర నీ డబ్బు ఎంత ఉందో స్టాక్ ఎక్స్ఛేంజీ నుంచి మెసేజ్ వస్తుంది. ఇవి యాప్‌తో కలవాలి. ఫారంలో నంబరు, మెయిల్ నీవైతేనే ఇదంతా, అది మర్చిపోకు.

ఇక నీ యాప్. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ సైట్‌లో బ్రోకర్ల జాబితా ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌జెడ్‌తో మొదలవుతుంది. అయితే దొంగలు పెద్ద కంపెనీ నంబరునే తమదని పెట్టుకుంటారు. కాబట్టి ఆ జాబితాలో ఉన్న ఫోన్‌కు నువ్వే చేసి అడుగు. డబ్బు వేయమన్న ఖాతా ఎవరో మనిషి పేరు మీద ఉంటే ఇక చూడాల్సింది ఏమీ లేదు. 2025 అక్టోబర్ నుంచి రిజిస్టర్డ్ బ్రోకర్ల యూపీఐ ఐడీలో యాట్ గుర్తు తర్వాత 'వ్యాలిడ్' అని, దాని వెంట బ్యాంకు పేరు ఉంటున్నాయి. అదీ చూసుకో.

ఐదు వేలు వేసి, వెనక్కి తీసి చూస్తానంటావేమో. మిర్యాలగూడలో మా దోస్తు అదే చేశాడు. ఐదు వేలు పది నిమిషాల్లో తిరిగొచ్చాయి. తర్వాత నాలుగు లక్షలు పెట్టాడు. యాప్‌లో అవి తొమ్మిదైనట్టు కనిపించాయి, తీయబోతే ముందు టాక్స్ కట్టమన్నారు. పాపం, అదీ కట్టాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి పన్నెండు రోజులు దాటాయి.