కథానాయిక ఏ కుర్చీలో కూర్చుందో ముందు తేల్చుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథను రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిగా చదివాను. రెండోసారి, వాషింగ్టన్‌లో 22 ఏళ్లు నీ కథానాయిక కొలువే చేసి విరమించిన ప్రభుత్వ న్యాయవాదిగా, పెన్సిలు పట్టుకుని చదివాను. మన ప్రవాస కథల్లో అమెరికా ఇప్పటికీ సాఫ్ట్‌వేరు కొలువుల దగ్గరా, మంచు కురిసే కిటికీల దగ్గరా ఆగిపోతున్న వేళ, ఆసుపత్రి బిల్లుల్లోని మోసాన్ని వెలికితీసే తెలుగమ్మాయిని నువ్వు కథానాయికగా ఎంచుకోవడం నాకు సంతోషం కలిగించింది. అందుకే మెచ్చుకోలు ఇక్కడితో ఆపి, పెన్సిలు గీతల సంగతి రాస్తున్నాను.

నీ కథానాయిక, ఆరోగ్య పథకాల్లో మోసాలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయంలో అటార్నీ అని రెండో పేజీలో రాశావు. ఆరో పేజీలో ఆమె జ్యూరీ ముందు నిలబడి డాక్టరును నిలదీసింది. ఇది అరుదుగా తప్ప జరగదు. అమెరికా ఆరోగ్య శాఖకు 1976లో ఏర్పాటైన ఆ కార్యాలయపు న్యాయవాదులు మోసగాళ్లను ప్రభుత్వ ఆరోగ్య పథకాల నుంచి వెలివేస్తారు, పాలనాపరమైన జరిమానాలు విధిస్తారు, రాజీపడిన సంస్థలతో సాధారణంగా ఐదేళ్లపాటు సాగే నిఘా ఒప్పందాలు రాయించుకుంటారు. జిల్లా కోర్టులో ప్రభుత్వం తరఫున దావా నడిపేది మాత్రం న్యాయ శాఖ. అందులోనూ సివిల్ విభాగం డబ్బు రాబడుతుంది, క్రిమినల్ విభాగం జైలుకు పంపుతుంది. ఇవి కాక రాష్ట్రాలకు మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) మోసాల నియంత్రణ విభాగాలు వేరే ఉన్నాయి, వాటి ఖర్చులో 75 శాతం కేంద్రమే భరిస్తుంది. వాటిలో చేరిన కుర్రలాయరుకు వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్లను హింసించిన కేసులు కూడా చేతికొస్తాయి. నీకు జ్యూరీ దృశ్యం మీదే మనసుంటే, కథానాయికను 2007లో మయామీలో మొదలైన, మెడికేర్ (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) మోసాలపై కేసులు నడిపే న్యాయ శాఖ స్ట్రైక్ ఫోర్సులోకి బదిలీ చెయ్యి. కాదనుకుంటే ఆరో పేజీ తీసెయ్యి. నన్నడిగితే రెండోదే మంచిది. కోర్టులో వాదించే లాయర్ల కథలకు మనకు కొదవ లేదు.

ఇక నువ్వు ఎంతో మురిసిపోతూ రాసిన లెక్క. డాక్టరు ఒకే రోజున 36 మంది రోగులకు, క్లినిక్ సందర్శనకు బిల్లు వేసే 99215 అనే కోడ్ వేశాడు, ఆ కోడ్‌కు 40 నిమిషాలు పట్టాలి, అంటే అతను 24 గంటలూ కునుకు లేకుండా రోగులను చూసి ఉండాలి, కాబట్టి దొంగ అని నీ కథానాయిక గెలిచినట్టు కుర్చీ వెనక్కి జరిపింది. కూడిక బాగుంది. అయితే 2021 నుంచి ఆ కోడ్‌ను గడియారం చూసి కాకుండా, వైద్య నిర్ణయంలోని జటిలతను బట్టి కూడా వేసుకోవచ్చు. అవతలి లాయరు మొదటి సమావేశంలోనే ఆ మాట అంటాడు, నీ కథ అక్కడే కుప్పకూలుతుంది. లెక్క అనుమానాన్ని పుట్టిస్తుందే తప్ప రుజువు కాదు. రుజువు రోగుల రికార్డుల్లో ఉంటుంది, వాటిని ఒక్కొక్కటే చదవాలి. పేరు చెప్పకూడని ఒక క్లినిక్ రికార్డులను మా బృందంలోని నర్సు, నేను పక్కపక్కన కూర్చుని చదువుతున్నప్పుడు, ఒక పెద్దాయన నాలుగు సందర్శనల నోట్సులోనూ ‘రెండు పాదాల్లోనూ నాడి సాధారణం’ అన్న వాక్యం కనిపించింది. ఆయన కుడికాలు మోకాలి పైదాకా తీసేసి అప్పటికి మూడేళ్లయింది. ఆమె ఏమీ అనకుండా ఆ కాగితాన్ని నా వైపు తోసి, వేలు ఆ వాక్యం కింద పెట్టి ఉంచింది. నీ కథకు కావలసింది ఆ వేలు. ఆ కాగితం న్యాయవాది దాకా రావడానికి ముందు ఏజెంట్లు, ఆడిటర్లు, డేటా చూసేవాళ్లు ఎంతమంది పనిచేశారో కూడా కథలో ఎక్కడో తెలియాలి. ఒంటిచేత్తో అన్నీ కనిపెట్టే లాయరు మా ఆఫీసులో ఎప్పుడూ లేడు.

ఆ వాక్యం చూసి కూడా నేను వెంటనే మోసం అనలేదు. పొరపాటు వేరు, మోసం వేరు. వాటి నడుమ గీత గీయడమే ఈ కొలువులో రోజువారీ పని. అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్లను పట్టుకోవడానికి 1863లో లింకన్ హయాంలో వచ్చిన ఫాల్స్ క్లెయిమ్స్ చట్టమే ఇవాళ ఆసుపత్రి బిల్లులకూ వర్తిస్తోంది. తెలిసి చేసినవాడినే కాదు, కావాలని కళ్లు మూసుకున్నవాడినీ, విచ్చలవిడిగా నిర్లక్ష్యం చేసినవాడినీ అది పట్టుకుంటుంది. 1986 సవరణ తర్వాత నష్టానికి మూడింతలు కట్టిస్తుంది. గుట్టు బయటపెట్టిన ఉద్యోగికి, కేసు గెలిస్తే, సాధారణంగా వసూలైనదాంట్లో 15 నుంచి 30 శాతం దక్కుతుంది. ఆ ఉద్యోగి వేసిన దావా కనీసం 60 రోజులు, తరచుగా ఏళ్లతరబడి, కోర్టు ముద్ర కింద రహస్యంగా ఉంటుంది. ఆ ఏళ్లలో నీ కథానాయిక రాత్రి ఇంటికొచ్చి భర్తకు కూడా ఏమీ చెప్పకూడదు. నువ్వేమో మూడో పేజీలో ఆమె చేత ఫోనులో అక్కకు అంతా చెప్పించావు.

వెలివేత సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు బాధనిపించింది. మెడికేర్‌కు సంబంధించిన నేరం రుజువైతే కనీసం ఐదేళ్ల వెలి తప్పదు. నోటీసు మీది తేదీ నుంచి 20 రోజులకు అది అమలవుతుంది. అప్పీలుకు 60 రోజుల గడువుంటుంది. వెలిపడినవాళ్ల పనికి ప్రభుత్వ పథకాలు పైసా కట్టవు. డాక్టరుగానే కాదు, ఆ పథకాల సొమ్ముతో నడిచే చోట బిల్లింగు గుమాస్తాగానో, అంబులెన్సు డ్రైవరుగానో కూడా పనికి పెట్టుకోరు. గడువు తీరినంత మాత్రాన తలుపు దానంతటది తెరుచుకోదు, దరఖాస్తు పెట్టుకోవాలి. ముప్పై ఏళ్లు రోగులను చూసిన మనిషికి రెండు పేజీల ఉత్తరం అందుతుంది, దాని ముసాయిదా నీ కథానాయిక వంటి మనిషి, మధ్యాహ్నం భోజనం డబ్బా పక్కన పెట్టుకుని, తయారు చేసి ఉంటుంది. నువ్వు రాయవలసిన ఆరో పేజీ అది.

ఉద్యోగపు మెట్లు కూడా సరిచూసుకో. నీ కథానాయిక హెచ్-1బి వీసా మీద ఉందని రాశావు. అమెరికా పౌరసత్వం లేనివారికి కేంద్ర ప్రభుత్వ అటార్నీ కొలువు దొరకడం బహు అరుదు. ఏదో ఒక రాష్ట్రపు బార్‌లో సభ్యత్వం ఉంటే చాలు, కొత్తవాళ్లను సాధారణంగా జీఎస్ అనే కేంద్ర జీతాల శ్రేణిలో 11 లేదా 12 హోదాలో తీసుకుంటారు, 15 దాకా ఎక్కవచ్చు. పెద్ద ప్రైవేటు లా ఫర్ముల్లో తొలి ఏడాది జీతం దీనికి రెట్టింపు దాటుతుంది. అయినా చాలామంది పదేళ్లు కదలకుండా ఉంటారు, ఆదర్శం వల్ల కొంత, 120 నెలసరి వాయిదాలు కడితే మిగిలిన చదువు అప్పు రద్దయ్యే పథకం వల్ల కొంత. ఆ రెండోదాన్ని రాయడానికి సిగ్గుపడకు. పదకొండో ఏడు వాళ్లలో కొందరు ఆసుపత్రుల తరఫు లాయర్లయిపోతారు. తాము స్వయంగా నడిపిన కేసులో మాత్రం అవతలి పక్షాన ప్రభుత్వం ముందుకు రావడం జీవితాంతం నిషేధం. ఆ దాటడంలోనే ఇంకో కథ ఉంది, దీంట్లో ఇరికించకు.

చివరగా, తెలుగు సంఘం సంక్రాంతి విందు. నువ్వు అరిసెల వర్ణనతో సరిపెట్టావు. అక్కడి బల్లల చుట్టూ సగం మంది డాక్టర్లే ఉంటారు. ‘నీ పని ఏమిటమ్మా’ అని ఒక పెద్దాయన ఆప్యాయంగా అడుగుతాడు, ఆమె చెబుతుంది, పులిహోర గిన్నె ఆయన చేతిలో అలాగే ఆగిపోతుంది, పక్కావిడ పిల్లల చదువుల మాట ఎత్తుతుంది. నాకు ఇది మూడుసార్లు జరిగింది. మూడోసారి అడిగినాయన ఆసుపత్రి ఫైలు ఆ వారమే మా ఆఫీసుకు వచ్చి ఉంది. సోమవారం పొద్దున్నే మా పైఅధికారికి ఉత్తరం రాసి ఆ కేసు నుంచి తప్పుకున్నాను. విందులో అడిగిన ఆ పెద్దాయనకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

మూడో పేజీ, ఆరో పేజీ తిరగరాసి పంపు. వీసా సంగతి మరిచిపోకు.

నీ శ్రేయోభిలాషి