ఆయన బాధ మీరు చెప్పాల్సిన సాక్ష్యం కాదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, సోంపేట దగ్గర పల్లె నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 44. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వాళ్ల కొబ్బరి చెట్లను, జీడితోటను ఒక్క పూటలో నేలకూల్చింది. ఆ తర్వాత భర్తకు కిడ్నీ జబ్బు బయటపడింది. మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. గురువారం సాయంత్రం వాళ్లింట్లోనే పదిమంది ఆడవాళ్ల బైబిల్ స్టడీ. "శ్రమల్లోనే దేవుడు ఎదిగిస్తాడని అందరూ అంటున్నారు. ఐదేళ్లుగా చదువుతున్నా నాలో ఎదుగుదల ఏమీ కనబడటం లేదు. నా విశ్వాసంలో లోపమా? వేరే సంఘానికి మారమంటారా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా,

సంఘం మారొద్దు. ఆ ప్రశ్నకు జవాబు అంతే. మీ విశ్వాసాన్ని కొలిచే పని నాది కాదు, మీ స్టడీకి వచ్చేవాళ్లదీ కాదు.

మూడో పేజీ చివర ఒక్క మాట రాసి వదిలేశారు. క్రిస్మస్ కూడికలో లేచి మీ బతుకు గురించి, దేవుడి గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పినప్పటి నుంచి మీవారు మీతో సరిగా మాట్లాడటం లేదనీ, గురువారం వస్తే చెరువు గట్టుకు వెళ్లిపోతున్నారనీ. అసలు సంగతి అక్కడుంది. ఆ సాక్ష్యంలో ఏం చెప్పారో కూడా మీరే రాశారు. రాత్రిళ్లు దాహానికి తాళలేక ఆయన ఏడవడం, చిన్న మాటకే కసురుకోవడం, నెలకు వచ్చే 10,000 పెన్షన్‌తో ఇల్లు గడవడం. ఊరంతా ఉన్న కూడికలో ఇవన్నీ చెప్పే ముందు ఆయన్ని ఒక్క మాట అడిగారా?

ఉద్దానం రైతు ఎలాంటివాడో మీకు నేను చెప్పాలా? నేనూ కవిటి వైపు పుట్టినదాన్నే. ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్ల కంటే ముందు బొండం కొట్టిచ్చే చేతులవి. ఇప్పుడు ఆ చేతికే డయాలసిస్ సూదులు. పొటాషియం ఎక్కువని ఆ బొండం నీళ్లే ఆయన తాగకూడదు. మంచినీళ్లు కూడా కొలత ప్రకారమే. తోట పోయింది, ఒంట్లో సత్తువ పోయింది. మిగిలింది పరువు ఒక్కటే, దాన్నీ మీరు మైకు ముందు పెట్టారు. ప్రార్థన కోరడానికే చెప్పారు, మీ మనసు మంచిదే. అయినా తప్పు తప్పే.

బైబిల్లోని గలతీ పత్రిక చదువుతున్నామని రాశారు. ఆరో అధ్యాయం 2వ వచనం మీకు నోటికి వచ్చే ఉంటుంది, ఒకరి భారం ఒకరు మోయమనేది. మూడు వచనాలు దాటి 5వ వచనం కూడా చదవండి. ఎవరి బరువు వాళ్లే భరించుకోవాలని ఉంది. పెళ్లైన కొత్తలో నాకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం అనిపించేవి. ఇప్పుడు అనిపించదు. బరువు ఎత్తేటప్పుడు చెయ్యి వేయొచ్చు. మనిషి లోపల దాచుకున్నదాన్ని బయటికి తీసి పంచిపెట్టే హక్కు మాత్రం భార్యకు కూడా లేదు.

బైబిల్లో పిల్లల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, ఆయన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. అంతవరకు మంచి స్నేహితులే. నీ శ్రమకు అర్థం ఇదీ అని నోరు తెరిచాకే చెడింది. చివరి అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. మీ స్టడీలో ఎవరైనా మీ కష్టానికి అర్థం చెప్పబోతే ఈ సంగతి గుర్తుచేయండి.

శ్రమ ఓర్పును పుట్టిస్తుందని రోమా పత్రికలో ఉంది. ఆ ఓర్పు మీకు దొరికే చోటు డయాలసిస్ మంచం పక్కనే. మీరు అక్కడికి వెళ్లి ఏడాది దాటిందట, మరిది కొడుకు బండి మీద తీసుకెళ్తున్నాడట! అది చదివి నాకు బాధేసింది.

స్టడీ మానొద్దు. కొన్నాళ్లు వేరే ఇంట్లో పెట్టమని పాస్టర్ అమ్మగారిని అడగండి. గురువారం సాయంత్రం కూడా తన అరుగు మీద తను కూర్చునే వీలు ఆయనకు ఉండాలి. ప్రార్థన మనవుల్లో ఆయన పేరు చెప్తే చాలు, వివరాలు వద్దు.

ముందు ఆయనకు క్షమాపణ చెప్పండి. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను కదా అని ఊరుకోవద్దు. వాక్యం ఏదీ జతచేయకుండా "అడక్కుండా చెప్పాను, తప్పయింది" అనండి. ఆయన వెంటనే కరగకపోవచ్చు. వచ్చే మంగళవారం ఆటో మాట్లాడుకుని మీరే తీసుకెళ్లండి. "నువ్వెందుకు?" అంటారు. "ఊరికే" అనండి. ఆ నాలుగు గంటలూ పక్కన కూర్చోండి.