ఒక్క మునకకే 48 నాట్ల స్పీడా?

ప్రశ్న: కైట్‌సర్ఫింగ్‌కి (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నీళ్లపై దూసుకెళ్లే ఆట) జీపీఎస్ వాచీ పెట్టుకుని వెళ్తున్నానండీ, నిన్న ఒడ్డుకొచ్చి చూస్తే మ్యాక్స్ స్పీడు 48 నాట్లు అని ఉంది, అంత వేగంగా పోలేదని నాకే తెలుసు. వాచీ పాడైందా?

జవాబు: వాచీ బానే ఉందండీ, మునిగింది మీరే! జీపీఎస్ సిగ్నల్ నీళ్లలోకి దిగదు, పడ్డప్పుడు చెయ్యి మునిగితే మీరెక్కడున్నారో వాచీకి తెలీదు, పైకొచ్చాక ఎక్కడో తప్పు చోటు పట్టుకుని ఆ దూరమంతా ఒక్క సెకన్లో పోయినట్టు లెక్కేసుకుంటుంది. మ్యాప్‌లో చూడండి, గీత ఓ చోట సూదిలా పొడుచుకొచ్చి ఉంటుంది, అదే మీ 48 నాట్లు (గంటకి దాదాపు 89 కిలోమీటర్లు, పోనీలెండి మురిసిపోండి కాసేపు). స్పీడు పిచ్చోళ్లు మ్యాక్స్‌ని నమ్మరు, 10 సెకన్ల సగటో 500 మీటర్ల సగటో చూస్తారు. రికార్డింగ్ ప్రతి సెకనుకీ పెట్టుకోండి, బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది అంతే. వీలైతే పొడవు పట్టీతో మోచేతికి పైభాగంలో, వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే బిగుతు డ్రెస్సు) మీద కట్టండి, అక్కడైతే ఆకాశం బాగా కనిపిస్తుంది దానికి. టచ్ లాక్ మర్చిపోవద్దు, నీటి చుక్కలే సెషన్ ఆపేస్తాయి. ఇక జంప్ ఎత్తు అంటారా, చేతి వాచీ చెప్పే అంకెని కాస్త తగ్గించే చదువుకోండి, చెయ్యి గట్టిగా ఊపినా ఎగిరారనే అనుకోగలదది.