తాళం పోయింది, ఆర్సీ ఇంకా పాతాయన పేరు మీదే ఉంది

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. ఎనిమిది నెలల క్రితం విజయవాడలో ఒకాయన దగ్గర 2017 మోడల్ కారు కొన్నాను. నంబరు ఏపీ 16. డబ్బంతా బ్యాంకు ద్వారానే ఇచ్చాను. ఆయన ఒక్క తాళమే ఇచ్చి, "రెండోది ఇంట్లో ఎక్కడో ఉంది, దొరికితే పంపిస్తా" అన్నారు. ఇంతవరకు పంపలేదు. ఆర్సీ మార్పించుకోవడానికి నేనే బద్ధకించాను. పోయిన వారం మిర్చి యార్డులో పని చూసుకొని బయటికొచ్చేసరికి జేబులో తాళం లేదు. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఎంత వెతికినా దొరకలేదు. షోరూంలో అడిగితే, ఆర్సీ మీ పేరు మీద లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. పైగా ఎఫ్‌ఐఆర్ కాపీ కూడా కావాలట. స్టేషన్‌కి వెళ్తే తాళం పోతే ఎఫ్‌ఐఆర్ ఏమిటండీ అన్నారు. "ఎవరో జేబు కొట్టేశారని రాసెయ్, వెంటనే ఎఫ్‌ఐఆర్ అవుతుంది" అంటున్నాడు మా బావమరిది. విజయవాడ ఆటోనగర్‌లో అయితే సగం ధరకే చేస్తారట. అలా చేయించుకోవచ్చా? రేపు బండి పోతే ఇన్సూరెన్స్ వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ బావమరిది సలహా సంగతి తేల్చేద్దాం. మిగతావి రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు కానీ, స్టేషన్‌లో ఇచ్చిన కాగితాన్ని మళ్లీ వెనక్కి తీసుకోలేరు.

పారేసుకోవడం నేరం కాదు. ఎఫ్‌ఐఆర్ అనేది పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయదగిన నేరం జరిగిందని చెప్పినప్పుడే నమోదవుతుంది. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 173వ సెక్షన్. మీ తాళం టిక్కీల మధ్య ఎక్కడో జారిపోయింది. అందులో నేరం లేదు కాబట్టి ఎఫ్‌ఐఆర్ కూడా లేదు. స్టేషన్‌లో మీకు చెప్పింది సరైన మాటే. జేబు కొట్టేశారని రాసిస్తే ఎఫ్‌ఐఆర్ అవుతుంది, నిజమే. కానీ అబద్ధమని తెలిసి పోలీసులకు సమాచారం ఇచ్చి, దానివల్ల ఇంకొకరికి ఇబ్బంది కలిగేలా చేస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ, పదివేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మీ ఫిర్యాదు పట్టుకొని యార్డులో బస్తాలు మోసే ఏ ముఠా కూలీనో పిలిచి నిలదీశారనుకోండి, ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. నా దగ్గరికి వచ్చిన ఒకాయన ఇలాగే పోయిన తాళాన్ని దొంగిలించారని రాసిచ్చారు. నెల తిరక్కుండానే ఆ తాళం ఇంట్లో దేవుడి గూట్లో, కుంకుమ భరిణె వెనకాల దొరికింది. తర్వాత ఏడాదికి కారు నిజంగానే పోయింది. బీమా కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటర్ మొదట పట్టుకొచ్చింది ఆ పాత ఎఫ్‌ఐఆర్ కాపీనే. "తాళం దొంగ చేతిలో ఉందని తెలిసి కూడా లాక్ ఎందుకు మార్చలేదు?" అని అడిగాడు. ఇంట్లోనే దొరికిందని చెబితే ఫిర్యాదు అబద్ధం అవుతుంది, దొరకలేదంటే అజాగ్రత్త అవుతుంది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి. ఏ తారీఖున, ఏ వేళప్పుడు, యార్డులో ఏ వైపున పోయింది, బండి నంబరు, ఛాసిస్ నంబరు, పోయింది ఒక్క తాళమేనా, దానితో ఇంటి తాళాలు కూడా ఉన్నాయా, ఇవి చాలు. చివర్లో "ఎవరి మీదా అనుమానం లేదు, జనరల్ డైరీలో నమోదు చేసి రసీదు ఇప్పించగలరు" అని రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, జనరల్ డైరీ (జీడీ) నంబరు వేయించుకోండి. మీకు కావలసిన పోలీసు కాగితం అదే.

ఇక షోరూం సంగతి. వాళ్లు అడిగిన రెండింటిలో ఒకటి న్యాయం, ఒకటి కాదు. ఎఫ్‌ఐఆర్ ఉంటేనే తాళం అమ్మాలని ఏ చట్టంలోనూ లేదు. అది వాళ్ల కంపెనీ లోపలి పద్ధతి. జీడీ రసీదు, తాళం పోయిందని నోటరీ చేయించిన అఫిడవిట్ ఇచ్చి మేనేజరుతో మాట్లాడండి, సాధారణంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే "ఎఫ్‌ఐఆర్ లేనిదే ఇవ్వం" అన్న ముక్కను మెయిల్‌లో రాసి పంపమనండి. నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద రాయరు.

ఆర్సీ విషయంలో మాత్రం నేను షోరూం పక్షమే. కోపం తెచ్చుకోకండి. మీ కారు తాళం ఇనప్పెట్టె తాళం లాంటిది కాదు. తల భాగంలో చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ తిప్పగానే బండిలోని ఇమ్మొబిలైజర్ ఆ చిప్‌లోని కోడ్‌ను చదువుతుంది. తన జ్ఞాపకంలో ఉన్న కోడ్‌తో అది కలవకపోతే ఇంజన్ స్టార్ట్ కాదు. అందుకే కొత్త తాళం తయారు చేయడమంటే పళ్లు కోయడంతో అయిపోదు, బండికి దాన్ని పరిచయం చేయాలి. ఆ పనిని ఛాసిస్ నంబరు చెప్పిన ప్రతి ఒక్కరికీ చేసిపెడితే, రోడ్డు మీద ఆగిన ఏ కారుకైనా మారుతాళం పుట్టించవచ్చు. ఛాసిస్ నంబరు చాలా బండ్లలో ముందు అద్దంలోంచే కనిపిస్తుంది కదా. రేపు మీరు పార్క్ చేసిన కారుకు ఎవడో వచ్చి తాళం అడిగితే, ఆర్సీ చూడకుండా ఇవ్వమని మీరు కూడా అనరు.

మోటారు వాహనాల చట్టం 1988లో 2(30) సెక్షన్ ప్రకారం, బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లే యజమాని. మీరు డబ్బు ఇచ్చారు, ఎనిమిది నెలలుగా నడుపుతున్నారు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. మీకూ ఆయనకూ మధ్య అమ్మకం జరిగిందనడానికి అవి పనికొస్తాయి. షోరూంకి, ఆర్టీఏకి, బీమా కంపెనీకి మాత్రం ఇవాళ్టికీ ఆయనే ఓనరు.

అందుకే ఇప్పుడు మీరు చేయాల్సింది ఆయన్ని పట్టుకోవడం. కృష్ణ దాటితే విజయవాడే కదా, ఫోన్లతో సరిపెట్టకుండా మనిషే వెళ్లండి. వారధి మీదుగా గంటన్నర ప్రయాణం, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌తో కలిపి. ఆయన్నుంచి మీకు మూడు కావాలి. మొదటిది ఆ "ఇంట్లో ఎక్కడో ఉన్న" రెండో తాళం. అది దొరికితే సగం బాధ తీరినట్టే, షోరూంలో ఖర్చు కూడా తగ్గుతుంది. కారు కొత్తగా కొన్నప్పుడు తాళాలతో పాటు కోడ్ నంబరు ఉన్న చిన్న బిళ్ల ఇస్తారు, అది ఉందేమో కూడా వెతికించండి. ఆయన లోను మీద కొని ఉంటే ఇంకో మాట అడగండి: కొన్ని ఫైనాన్స్ కంపెనీలు రెండో తాళం తమ దగ్గరే పెట్టుకుంటాయి, లోను తీరాక దాన్ని తెచ్చుకోవడం చాలామంది మర్చిపోతారు.

రెండోది, షోరూం పేరిట ఉత్తరం. ఈ కారును ఫలానా తేదీన ఫలానా వారికి అమ్మాను, కొత్త తాళం వారికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు అని రాసి, ఆయన ఆధార్ కాపీ మీద సంతకం చేసి జతపరచాలి. వీలైతే ఆయన్నే ఒకసారి షోరూంకి తీసుకెళ్లండి, ఆర్డర్ ఆయన పేరు మీదే పెట్టి డబ్బు మీరు కట్టవచ్చు. ఆర్సీ మారేదాకా ఆగకుండా షోరూం నుంచి కొత్త తాళం చేతికొచ్చే దారి ఇదొక్కటే.

మూడోది, ఆర్సీ మీ పేరుకు మార్చడానికి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపలే అమ్మితే, అమ్మినాయన 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. ఇద్దరూ గడువు దాటించారు. ఆలస్యానికి కొంత రుసుము పడుతుంది తప్ప మార్పు ఆగదు. రాష్ట్రం ఒకటే కాబట్టి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అక్కర్లేదు, ఏపీ 16 నంబరు గుంటూరులో తిరిగినా మారదు. ఆర్సీ మీద ఇంకా లోను ఇచ్చిన కంపెనీ పేరు (ఫైనాన్స్ ఎంట్రీ) ఉంటే మాత్రం ముందు అది ఫారం 35తో తీయించాలి.

ఆయన ఇవాళ రేపు అని తిప్పితే బతిమాలకండి, ఇది ఆయన మంచికేనని చెప్పండి. చేతులు మారుతూ పోయిన ఒక కారు ప్రమాదం కేసులో, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్, 2018లో సుప్రీంకోర్టు తేల్చింది ఏమిటంటే, అమ్మేసినా సరే, రికార్డులో పేరున్న వ్యక్తే నష్టపరిహారానికి బాధ్యుడు. అంటే రేపు మీ చేతిలో ఆ కారు ఎవరినైనా గుద్దితే, విజయవాడలో ఇంట్లో కూర్చున్న ఆయనకు నోటీసు వస్తుంది. ఈ మాట చెప్పాక సంతకం పెట్టనివాళ్లను నేను పెద్దగా చూడలేదు. అప్పటికీ కదలకపోతే రిజిస్టర్డ్ పోస్టులో లాయర్ నోటీసు ఇద్దాం.

ఆటోనగర్ గురించి అడిగారు. బయట చేయించుకోవడం నేరం కాదు. కంపెనీ షోరూంలోనే చేయించాలని చట్టం ఎక్కడా అనలేదు. అక్కడ బండి లోపలి పరికరాన్ని చదివి చిప్ తాళం చేయగల పనివాళ్లున్నారు. మీ ఆర్సీ, ఆధార్ అడిగేవాడి దగ్గర చేయించండి. ఏ కాగితమూ అడగకుండా "తెచ్చెయ్యండి సార్" అన్నవాడు మీ బండికి ఎంత తేలిగ్గా చేస్తాడో, మీ బండి కోసం వచ్చిన ఇంకొకడికీ అంతే తేలిగ్గా చేస్తాడు. బిల్లు ఇవ్వనంటే, ఎంత తక్కువకు చేసినా వద్దు. ఎందుకో కింద బీమా దగ్గర చెబుతాను.

ఎక్కడ చేయించినా ఒక్కటి తప్పకుండా అడగండి. కొత్త తాళం ప్రోగ్రామ్ చేసేటప్పుడు బండి జ్ఞాపకంలోంచి పోయిన తాళం కోడ్ తీసేయమనండి. చాలా బండ్లలో ఇది వీలవుతుంది. అలా తీసేస్తే పోయిన తాళం ఎవరికి దొరికినా డోర్ తెరుచుకోవచ్చేమో గానీ ఇంజన్ స్టార్ట్ కాదు. పాతాయన దగ్గరున్న రెండో తాళానికి కూడా ఇదే వర్తిస్తుంది. అందుకే అది దొరికితే ప్రోగ్రామింగ్ రోజున వెంట తీసుకెళ్లాలి, లేకపోతే కొత్తదాన్ని ఎక్కించి ఈ పాతదాన్ని చెరిపేస్తారు. "పాత తాళాలు డిలీట్ చేశాం, ఇప్పుడు పనిచేసేవి ఇన్ని" అని జాబ్ కార్డు (బండికి చేసిన పని రాసిచ్చే కాగితం) మీద రాయించుకోండి. పోయిన గుత్తికి మీ చిరునామా ఉన్న బిళ్ల తగిలించి ఉంటే మాత్రం ఖర్చుకు వెనకాడకండి, లాక్ సెట్టే మార్పించండి.

ఇక ఇన్సూరెన్స్. పాలసీ ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు, రాయలేదంటేనే నాకు అనుమానం. పాతాయన పేరు మీదే రెన్యువల్ చేసుకుంటూ వస్తుంటే తాళం కంటే అదే పెద్ద సమస్య. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం బండి అమ్మగానే థర్డ్ పార్టీ రక్షణ (బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా) కొన్నవారికి దానంతట అదే వస్తుంది. మీ బండికి జరిగే నష్టం, దొంగతనం మాత్రం అలా రావు. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది. పాలసీని 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోవాల్సింది. ఆ గడువూ దాటింది కాబట్టి ఆర్సీ దరఖాస్తు రసీదు చేతికి రాగానే బీమా కంపెనీకి వెళ్లండి.

కారు పోయినప్పుడు కంపెనీలు రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతాయి. ఒకటే ఇస్తే బండికే తాళం వదిలేశారనో, అమ్ముకున్నారనో అనుమానిస్తాయి. మీ జీడీ రసీదు, జీఎస్టీ బిల్లు, జాబ్ కార్డు అప్పుడు పనికొస్తాయి. తాళం పోయిన సంగతి ఇప్పుడే కంపెనీకి మెయిల్ పెట్టి ఉంచండి. రేపు క్లెయిమ్ రాకముందే మీరు చెప్పిన మాటకు ఉండే విలువ, వచ్చాక చెప్పిన మాటకు ఉండదు. తాళం ఒకటి లేదన్న ఒక్క కారణంతో మొత్తం క్లెయిమ్ కొట్టేస్తే ఒప్పుకోనక్కర్లేదు. బండికే తాళం వదిలేసిన కేసులో కూడా 2023లో సుప్రీంకోర్టు 75 శాతం ఇప్పించింది. అలాగే పోలీసులకు వెంటనే చెప్పి ఉంటే, బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారని తిరస్కరించడం చెల్లదని 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో తీర్పు ఉంది. మీ పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్ ఆన్ (అదనపు రక్షణ) ఉందేమో కూడా చూడండి, ఉంటే తాళం ఖర్చే తిరిగి రావచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమంటారా అని మీరు అడగలేదు గానీ, అడగబోతారు. ఆర్సీ లేదని ఇవ్వనన్నందుకు వెళ్తే ఓడిపోతారు. అన్ని కాగితాలూ ఇచ్చి, అడ్వాన్సు కట్టి, వారాల తరబడి తిప్పితే మాత్రం అది సేవాలోపమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కదలకపోతే గుంటూరు జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆర్డర్ పెట్టేటప్పుడే తాళానికి ఎంత, ప్రోగ్రామింగ్‌కు ఎంత, పన్ను ఎంత, ఎన్నాళ్లు పడుతుంది అని విడివిడిగా ఎస్టిమేట్ రాయించుకోండి.

కారు ఇంకా యార్డు దగ్గరే ఉందా, ఇంటికి తెప్పించారా? అక్కడే ఉంటే మొదట దాన్ని టోయింగ్ బండి మీదకెక్కించి ఇంటికి చేర్చండి. తాళం దొరికిన మనిషికి కూడా ఆ కారు ఎక్కడుందో ఇప్పుడు తెలుసు.