జర్మన్ సహోద్యోగులతో మాట కలపాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ఏ1 (జర్మన్ భాషలో మొదటి మెట్టు పరీక్ష) పాసయ్యాక కూడా, ఆఫీసులో జర్మన్లు టీ దగ్గర మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్కా అందడం లేదని పర్లాకిమిడి నుంచి మీరు రాశారు. ఆ బాధ నాకు బాగా తెలుసు.

నాది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా ఫ్యాక్టరీలో కొత్త మెషిన్ బిగించడానికి వచ్చిన ఇద్దరు జర్మన్ ఫిట్టర్ల దగ్గర ఏడు నెలలు పనిచేశాను. పుస్తకంలో నేర్చుకున్న 'నా పేరు, నా ఊరు' మొదటిరోజే అయిపోయాయి. తర్వాత పనికొచ్చినవన్నీ చిన్న మాటలే.

మధ్యాహ్నం ఎదురుపడితే 'మాల్‌త్సైట్' అంటారు. భోజనం వేళ అని అర్థం. మనం 'భోంచేశారా' అని పలకరించినట్టే. మీరూ అదే మాట తిరిగి అంటే చాలు. డ్యూటీ దిగేటప్పుడు 'షోనెన్ ఫైయరాబెంట్', పని అయ్యాక సాయంత్రం హాయిగా గడవాలని. 'కొమ్ మాల్' అంటే 'ఓసారి రా'. 'టీ వద్దా?' అని అడిగినప్పుడు, కావాలంటే 'యా' (అవును) అనకూడదు, 'డోఖ్' అనాలి.

టైముతో మాత్రం చాలా జాగ్రత్త. ఒకరోజు ట్రయల్ 'హాల్ప్ ఫీయర్'కి అన్నారు. హాల్ప్ అంటే సగం, ఫీయర్ అంటే నాలుగు. ఒడియాలో 'సాఢే చారి' నాలుగున్నర కదా, నేను నాలుగున్నరకు వెళ్లాను. వాళ్ల లెక్కలో అది మూడున్నర, నాలుగుకి ఇంకా అరగంట ఉందని. నాకోసం గంటసేపు ఆగారు. ఆ రోజు తల ఎత్తలేకపోయాను. అప్పటినుంచి ఎవరు టైము చెప్పినా రైల్వే టైములో, పదిహేను ముప్పై అని తిరిగి చెప్పి ఖాయం చేసుకునేవాణ్ని.

మీ ఒడియా ఇక్కడ ఆస్తి. 21ని వాళ్లు 'ఒకటీ ఇరవై' అంటారు. 'ఏకోఇశి' అలవాటైన చెవికి అది కొత్త కాదు. తెలుగూ సాయం చేస్తుంది. 'వైల్' (ఎందుకంటే) తర్వాత క్రియ మనలాగే చివరికి పోతుంది: 'వైల్ ఇష్ మ్యూడె బిన్', ఎందుకంటే అలసిపోయాను. ఆ 'మ్యూ' పలకాలంటే పెదాలు 'ఊ'కి చుట్టి 'ఈ' అనండి.

మీ తడబాటు చూసి వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారతారు. మర్యాదగానే మారతారు గానీ మీకు నష్టం. 'బిట్టె ఆఫ్ డోయిచ్' అనండి, జర్మన్‌లోనే చెప్పమని. చెవి అలవాటుకి జర్మన్ ప్రసార సంస్థ డోయిచ వెల్లె వెబ్‌సైట్‌లో నెమ్మదిగా చదివే వార్తలు ఉచితంగా వినొచ్చు. నేను రోజూ బస్సులో వినేవాణ్ని.

'జీ' అంటే మీరు, 'డూ' అంటే నువ్వు. 'జీ'తోనే మొదలుపెట్టండి. మామూలుగా పెద్దవాళ్లే 'డూ' అందామని అంటారు. మా పెద్ద ఫిట్టర్‌కి మా నాన్న వయసు. మూడో నెలలో చెయ్యి చాపి 'డూ' అనమన్నాడు. ఆ వయసు మనిషిని నువ్వు అనడానికి నాకు వారం పట్టింది. అన్నరోజు ఆయన తన ఫోన్‌లో మనవరాలి ఫొటోలు చూపించాడు.